కార్డుల టోర్నమెంటుకు ఏం వేసుకొని వెళ్లాలి? మొదటిసారి వెళ్తున్న కాజీపేట తమ్ముడికి

తమ్ముడు అడిగింది క్లుప్తంగా ఇది. కాజీపేట నుంచి హైదరాబాద్ వెళ్లి, మాదాపూర్ వైపు ఒక కేఫ్‌లో మొదటిసారి పోకెమాన్ కార్డుల టోర్నమెంటు ఆడబోతున్నాడు. రూమ్మేటేమో షార్టు, చెప్పులతో వెళ్లిపొమ్మంటున్నాడు. ఒకప్పుడు చెస్ ఆడిన మేనమామ టక్ చేసుకొని, బూట్లు వేసుకొని వెళ్లమంటున్నాడు. తనకు ఇష్టమైన నల్ల టీషర్టు మీద పెద్దక్షరాల్లో ఇంగ్లిష్ బూతు ఒకటి ఉంది, అది వేసుకోవచ్చా అని ఒక ప్రశ్న. ఇంట్లో అమ్మ "పేకాటకు పోతున్నవా?" అంటోంది, ఆమెకు ఏం చెప్పాలన్నది ఇంకో ప్రశ్న.

ముందు జవాబు చెప్తాను. ఫార్మల్స్ అక్కర్లేదు. స్నానం చేసి, ఉతికిన బట్టలు వేసుకొని, ఎవరినీ నొప్పించే రాతలూ బొమ్మలూ లేకుండా, చొక్కా చేతులు కార్డులకు అడ్డం రాకుండా వెళ్లు. షార్టు అయినా పర్వాలేదు, చెప్పులైనా పర్వాలేదు. బూతు టీషర్టు మాత్రం ఇంట్లోనే వదిలెయ్.

నేను హనుమకొండలో ఉంటాను. ఏళ్లుగా మ్యాజిక్, పోకెమాన్, యు-గి-ఓ అనే మూడు కార్డుల ఆటలూ ఆడుతున్నాను. ఇక్కడ మేం పెట్టుకునే చిన్న టోర్నమెంట్లకూ, హైదరాబాద్‌లో కొన్నింటికీ జడ్జిగా కూడా కూర్చుంటాను. బట్టల గురించి ఇంత పొడుగ్గా రాయడానికి కారణం ఉంది. మొదటిసారి వచ్చేవాళ్లు డెక్ (ఆడటానికి తెచ్చుకునే కార్డుల కట్ట) గురించి నెల రోజులు ఆలోచిస్తారు, ఎదుటి మనిషి గురించి ఒక్క నిమిషం కూడా ఆలోచించరు. ఈ ఆటల్లో డ్రెస్ నియమాలన్నీ ఆ ఎదుటి మనిషి కోసం పుట్టినవే.

ఎలాగో చూడు. టేబుల్ మీద కార్డుల కింద పరుచుకునే ప్లేమ్యాట్ దాదాపు 24 అంగుళాల పొడవు, 14 అంగుళాల వెడల్పు ఉంటుంది. రెండు మ్యాట్లు ఎదురెదురుగా వేస్తే నీకూ నీ ప్రత్యర్థికీ మధ్య 28 అంగుళాలు. మూడింట రెండు గెలవాల్సిన మ్యాచ్ అయితే రౌండుకు 50 నిమిషాలు. అంతసేపు అంత దగ్గర మన ఇంట్లోవాళ్లతో కూడా కూర్చోం. పక్కన ఇంకో టేబుల్, దాని పక్కన ఇంకోటి, భుజం భుజం రాసుకుంటూ ఉంటారు. టోర్నమెంటు స్విస్ పద్ధతిలో నడుస్తుంది. ఓడినా ఇంటికి పంపరు, నీ అన్ని పాయింట్లే ఉన్నవాడితో మళ్లీ జత కడతారు. 32 మంది ఉంటే 5 రౌండ్లు, 64 మంది ఉంటే 6 రౌండ్లు ఆడితే గానీ ఓటమి లేనివాడు ఒక్కడే మిగలడు. అంటే పొద్దున మొదలైన ఆట సాయంత్రం దాకా సాగుతుంది. పొద్దున పది గంటలకు బాగానే ఉన్న చొక్కా నాలుగింటికి ఎలా ఉంటుందో ఆలోచించుకో.

కొందరు దీన్ని సిగ్గుపడాల్సిన విషయంగా చూసి మాట్లాడరు. నేను మాట్లాడతాను, ఎందుకంటే చెమట కంపు వల్ల ఆట మానేసి వెళ్లిపోయిన కొత్త పిల్లల్ని చూశాను. యు-గి-ఓ తయారుచేసే కొనామీ అయితే తన టోర్నమెంటు విధానంలోనే రాసిపెట్టింది, వచ్చేవాళ్లు శుభ్రంగా ఉండాలి, శుభ్రమైన బట్టలు వేసుకోవాలి అని. అది వార్తల్లోకి వచ్చినప్పుడు చాలామంది నవ్వారు. జడ్జిగా పనిచేసినవాళ్లు మాత్రం అమ్మయ్య అనుకున్నారు. మా దగ్గర ఎవరికైనా చెప్పాల్సి వస్తే రౌండ్ల మధ్యలో బయటికి తీసుకెళ్లి, ఇద్దరమే ఉన్నప్పుడు మెల్లగా చెప్తాను. టేబుల్ దగ్గర పదిమందిలో ఎన్నడూ చెప్పను. నా సంచిలో ఉతికిన సాదా టీషర్టులు రెండు మూడు ఎప్పుడూ ఉంటాయి. ఎండాకాలంలో జమ్మికుంట నుంచో, భూపాలపల్లి నుంచో బస్సులో నిలబడి వచ్చే పిల్లలు ఉంటారు. వాళ్ల చొక్కా తడవడం వాళ్ల తప్పు కాదు. మొహం కడుక్కొని, చొక్కా మార్చుకొని వచ్చి హాయిగా ఆడతారు.

ఇక అసలు విషయానికి వస్తాను. శుభ్రత అనేది మర్యాదతో ఆగదు, నేరుగా ఆట నియమాల్లోకి వస్తుంది. కార్డును ప్లాస్టిక్ స్లీవ్‌లో పెట్టి ఆడతాం కదా. డెక్‌లో 60 కార్డులు, అన్నింటి వీపూ ఒకేలా కనిపించాలి. ఏ కార్డు వీపు మీదైనా మరక, గీత, మడత ఉండి దాన్ని బోర్లా ఉన్నప్పుడే గుర్తుపట్టగలిగితే అది గుర్తు పడిన కార్డు (మార్క్‌డ్ కార్డు) కింద లెక్క, దానికి పెనాల్టీ ఉంటుంది. ఇప్పుడు చేతుల సంగతి చూడు. మనవాళ్లలో చాలామందికి ఆలోచించేటప్పుడు తల నిమురుకునే అలవాటు. తలకు పొద్దునే కొబ్బరినూనె రాసుకొని వస్తారు. వేళ్లు తలలోకి, తలలోంచి కార్డు మీదికి. మూడో రౌండుకల్లా నల్ల స్లీవ్ మీద వేలిముద్ర దీపం వెలుగులో మెరుస్తూ ఉంటుంది. పైగా ఆ ముద్ర అన్ని కార్డుల మీద సమానంగా పడదు. చేతిలో ఎక్కువసేపు పట్టుకునే కార్డుల మీదే ఎక్కువ పడుతుంది. అంటే నీ ముఖ్యమైన కార్డులే గుర్తు పడతాయి.

డెక్ చెక్ చేసేటప్పుడు మేం చూసేది సరిగ్గా ఇదే. డెక్ అంతా బోర్లా పరిచి వీపులు మాత్రం చూస్తాం. తేడాగా ఉన్నవాటిని పక్కకు తీసి, అప్పుడు తిప్పుతాం. అవి ఏ వరసా లేని మామూలు కార్డులైతే హెచ్చరికతో, స్లీవ్‌లు మార్చమనడంతో సరిపోతుంది. అన్నీ ఒకే రకం ముఖ్యమైన కార్డులైతే లెక్క మారుతుంది, గేమ్ పోవడం దాకా వెళ్లొచ్చు. కావాలనే చేశాడని తేలితే టోర్నమెంటు నుంచే పంపేస్తారు. ఒక వేసవిలో హనుమకొండలో ఆడుతున్నప్పుడు ఒక కుర్రాడు అరచేతులకు చెమట పట్టకుండా టాల్కం పౌడర్ రాసుకొని వచ్చాడు. ఉద్దేశం మంచిదే. డెక్ బోర్లా పరిస్తే కొన్ని కార్డుల అంచుల మీద తెల్లటి వేలిముద్రలు వరసగా కనిపించాయి. తిప్పి చూస్తే ఎక్కువగా సపోర్టర్ కార్డులు, అంటే పోకెమాన్‌లో ఒక ముఖ్యమైన రకం. మోసం ఆలోచనే లేని పిల్లాడు, మొహం పాలిపోయింది. హెచ్చరిక ఇచ్చి, కొత్త స్లీవ్‌ల ప్యాకెట్ ఇచ్చి, అక్కడే కూర్చోబెట్టి అన్నీ మార్పించాం. నువ్వు పౌడర్‌కు బదులు చిన్న కాటన్ చేతిరుమాలు ఒళ్లో పెట్టుకో. ప్రతి గేమ్ మధ్య చేతులు తుడుచుకో. మధ్యాహ్నం బిర్యానీ తింటే సబ్బుతో కడుక్కో, ఉట్టి నీళ్లతో మసాలా జిడ్డు పోదు.

ఇంకో మాట. షఫుల్ చేశాక డెక్‌ను ప్రత్యర్థికి ఇస్తాం, అతను కట్ చేస్తాడు లేదా మళ్లీ కలుపుతాడు. నీ చేతి జిడ్డు అతని కార్డులకు, అతనిది నీ కార్డులకు అంటుతుంది. కార్డులంటే వేలకు వేలు పెట్టి కూడబెట్టుకున్నవి. నీ కార్డులు ఎవరైనా గోళ్లకింద పసుపుతో పట్టుకుంటే నీకెలా ఉంటుందో అతనికీ అలాగే ఉంటుంది.

అలంకారాల సంగతి కూడా ఇక్కడే చెప్తాను. రాళ్ల ఉంగరాలు స్లీవ్ అంచుల్ని గీకుతాయి, షఫుల్ చేసేముందు తీసేయడం మేలు. వదులుగా వేలాడే కడియాలు, బ్రేస్‌లెట్లు బోర్డు మీద కార్డుల్ని కదిలిస్తాయి. మా టోర్నమెంట్లకు వచ్చే అమ్మాయిలకు చెప్పేది, చున్నీకి పిన్ను పెట్టుకోండి అని. ముందుకు వంగి కార్డు పెట్టేటప్పుడు చున్నీ కొస ప్రత్యర్థి ప్రైజ్ కార్డుల మీదికి జారిందంటే, ఏది ఏ చోట ఉందో మళ్లీ తేల్చడానికి జడ్జిని పిలవాల్సి వస్తుంది. పోకెమాన్‌లో ఎదుటివాడి పోకెమాన్‌ను ఓడించినప్పుడల్లా తీసుకునే ఆరు ప్రైజ్ కార్డులు బోర్లా ఉంటాయి. అందులో ఒకటి తిరగబడితే అది చిన్న విషయం కాదు.

చొక్కా చేతులు. ఏసీ హాల్లో చలి ఉంటుంది కాబట్టి పల్చటి జాకెట్ తీసుకెళ్లు. ఆడేటప్పుడు మాత్రం చేతులు మోచేతి దాకా మడుచుకో. వదులైన పొడుగు చేతుల్లో కార్డు దాచొచ్చన్న అనుమానం ఎప్పుడూ ఉంటుంది. నువ్వు దాచకపోయినా సరే, చేతులు మడిచి ఉంటే ఆ అనుమానానికే చోటుండదు. అందుకే మ్యాజిక్ నియమాల్లో చేతిలోని కార్డులు టేబుల్ మట్టానికి పైనే ఉండాలని స్పష్టంగా ఉంది. ఏ ఆట అయినా ఈ అలవాటు చేసుకో. జేబుల్లో, జాకెట్ లోపల విడి కార్డులు పెట్టుకోకు. ఇతరులతో మార్చుకోవడానికి తెచ్చిన కార్డులు బైండర్‌లో (కార్డుల ఆల్బమ్‌లో) వేసి, బైండర్‌ను బ్యాగులో పెట్టి, జిప్పు వెయ్.

టోపీ కళ్ల మీదికి లాక్కోకు. ఇయర్‌ఫోన్లు తీసెయ్. స్మార్ట్‌వాచ్ బ్యాగులో పెట్టెయ్. కొన్నిచోట్ల దీని మీద పట్టుదలగా ఉంటారు, కొన్నిచోట్ల చూసీచూడనట్టు పోతారు. తీసి కూర్చుంటే ఎక్కడా ఇబ్బంది ఉండదు.

ఇప్పుడు ఆ టీషర్టు. పోకెమాన్‌లో జూనియర్, సీనియర్, మాస్టర్స్ అని వయసును బట్టి మూడు విభాగాలు ఉంటాయి. చాలాసార్లు మూడూ ఒకే హాల్లో, ఒకే సమయంలో నడుస్తాయి. నువ్వు మాస్టర్స్‌లో ఆడుతుంటే పక్క వరసలో మూడో తరగతి పిల్ల ఉండొచ్చు, ఆమె వెనుక కుర్చీలో వాళ్ల నాయనమ్మ ఉండొచ్చు. అక్కడ బూతు రాత, రక్తం కారే బొమ్మ, కులాన్నో మతాన్నో ప్రాంతాన్నో గేలిచేసే మాట ఏదీ పనికిరాదు. జడ్జి వచ్చి మార్చుకోమంటాడు, లేదా తిరగేసి తొడుక్కోమంటాడు. మొదటి రౌండుకు ముందే ఆ లొల్లి పెట్టుకుంటే ఆట మీద మనసు నిలవదు. ఇదే నియమం స్లీవ్‌లకూ, ప్లేమ్యాట్‌కూ వర్తిస్తుందని చాలామందికి తెలియదు. అర్ధనగ్న బొమ్మల మ్యాట్ తెచ్చి, చొక్కా మాత్రం పద్ధతిగా వేసుకొస్తే సరిపోదు.

మీ మేనమామ మాట పూర్తిగా తీసిపారేయకు. చెస్‌లో ఆయన చెప్పిందానికి బలముంది. 2024 డిసెంబరు 27న న్యూయార్క్‌లో ప్రపంచ ర్యాపిడ్ చెస్ చాంపియన్‌షిప్ జరుగుతుండగా నార్వే చెస్ దిగ్గజం మాగ్నస్ కార్ల్‌సన్ జీన్స్‌తో వచ్చాడు. అప్పటి ఫిడే (ప్రపంచ చెస్ సమాఖ్య) నియమాల్లో జీన్స్ కుదిరేది కాదు. 200 డాలర్ల జరిమానా వేసి మార్చుకొని రమ్మన్నారు. రేపు మార్చుకుంటానన్నాడు. తొమ్మిదో రౌండుకు జత కట్టలేదు, ఆయన ర్యాపిడ్ వదిలేసి వెళ్లిపోయాడు. తర్వాత ఫిడే నియమాన్ని కొంచెం సడలిస్తే, ఇంకా వేగంగా ఆడే బ్లిట్జ్ పోటీకి తిరిగొచ్చాడు. మన హనుమకొండ బిడ్డ ఎరిగైసి అర్జున్ ఆ ర్యాపిడ్‌లోనే ఆడాడు. మహిళల ర్యాపిడ్ కిరీటం మన కోనేరు హంపి గెలిచింది కూడా అప్పుడే. కాబట్టి మన ఊళ్లలో చెస్ కుటుంబాలకు "టోర్నమెంటంటే టక్ చేసుకోవాలి" అన్న ఆలోచన సహజం.

కానీ చెస్ వేరు, ఇది వేరు. అక్కడ పెద్ద పోటీల్లో స్పాన్సర్లు, కెమెరాలు, క్రీడకు ఒక రూపం చూపించాలన్న పట్టుదల ఉంటాయి. కార్డుల ఆట కొట్లలో, కేఫుల్లో, కాలేజీ ఫెస్టుల్లో పెరిగింది. మ్యాజిక్ 1993లో వచ్చింది, పోకెమాన్ కార్డులు 1996లో జపాన్‌లో మొదలయ్యాయి. ఈ ముప్పై ఏళ్లలో ఎక్కడా సూటు అడగలేదు. నా అభిప్రాయంలో అడగకపోవడమే మంచిది. మన దగ్గర ఇంటర్ పిల్లాడు పాకెట్ మనీతో ఒక్కో ప్యాకెట్ కొనుక్కుంటూ డెక్ కట్టుకుంటాడు. వాడిని బూట్లు కూడా కొనుక్కొని రమ్మంటే ఆ డబ్బుతో డెక్ ఉండదు, వాడూ ఉండడు. శుభ్రత అడగొచ్చు, ఖరీదు అడగకూడదు. ఈ గీత నాకు చాలా ముఖ్యం.

అందుకే ఒక విషయంలో నేను గట్టిగా ఉంటాను. ములుగు వైపు నుంచి వచ్చిన ఒక పిల్లాడు హవాయి చెప్పులు, స్కూల్ యూనిఫాం ప్యాంటుతో కూర్చున్నాడు. ఎదుటి కుర్రాడు అతని కాళ్లు చూసి పక్కవాడితో ఏదో అని నవ్వాడు. నేను వెళ్లి నవ్వినవాడికి ఆటగాడి ప్రవర్తన కింద హెచ్చరిక రాశాను. ప్రత్యర్థి బట్టల మీద వ్యాఖ్య చేయడం కూడా అతన్ని కుదురుగా ఆడనివ్వకపోవడమే. ఆ పిల్లాడి ప్యాంటు ఇస్త్రీ మడత చెదరలేదు, స్లీవ్‌లు కొత్తవి, డెక్ లిస్టు గుండ్రటి అక్షరాల్లో రాసి తెచ్చాడు. నీకెవరైనా అలాంటి మాట అంటే నువ్వు తిరిగి అనకు. చెయ్యెత్తి "జడ్జి" అని పిలువు.

భక్తి వేషం గురించి నువ్వు అడగలేదు గానీ, చలికాలంలో ఆడేవాళ్లకు పనికొస్తుందని చెప్తున్నాను. కార్తీకం వచ్చిందంటే మన ఆటగాళ్లలో ఒకరిద్దరు అయ్యప్ప మాల వేసుకుంటారు. 41 రోజుల దీక్ష, నల్ల బట్టలు, పాదరక్షలు ఉండవు. ఒకసారి ఒక హాలు మేనేజర్ బూట్లు లేకుండా లోపలికి పంపనన్నాడు. కూర్చోబెట్టి మాట్లాడితే ఒప్పుకున్నాడు. రోజూ రెండుపూటలా చన్నీళ్ల స్నానం చేసే మనిషికంటే శుభ్రమైన ఆటగాడు ఇంకెవరుంటారు? ఆ రోజు టేబుల్ దగ్గర ఎదుటి ఆటగాడు, డిగ్రీ చదివే ముస్లిం అబ్బాయి, మొదటి నుంచి చివరిదాకా "స్వామీ, మీ టర్న్" అంటూనే ఆడాడు. మ్యాచ్ అయ్యాక షేక్‌హ్యాండ్‌కు బదులు ఇద్దరూ దండం పెట్టుకున్నారు. తలపాగా, హిజాబ్, టోపీ, విభూతి దేనికీ అభ్యంతరం లేదు. ఏదైనా అనుమానం ఉంటే నిర్వాహకుడికి ముందురోజే ఒక మెసేజ్ పెడితే చాలు.

కాస్‌ప్లే, అంటే కథల్లోని పాత్రల వేషం వేసుకోవడం గురించి రెండు మాటలు. కామిక్ కాన్ లాంటి కామిక్స్ అభిమానుల వేడుకల్లో అది అందం, టేబుల్ దగ్గర మాత్రం ఇబ్బంది. మాస్కు ముఖాన్ని కప్పేస్తుంది, గ్లౌజులతో కార్డు ఒక్కటి తీయబోతే రెండు వస్తాయి. రెండు కార్డులు తీయడం మళ్లీ పెనాల్టీ. వేషం వేయాలని ఉంటే ఆట అయ్యాక వెయ్.

ప్రయాణం సంగతి. కాజీపేట నుంచి సికింద్రాబాద్ రెండు గంటల పైమాటే. సీటు దొరుకుతుందన్న నమ్మకం లేదు. రైల్లో ఒక చొక్కా, ఆటకు ఇంకో చొక్కా. రెండోదాన్ని కవర్లో పెట్టి బ్యాగులో పై అరలో పెట్టుకో. స్టేషన్‌లో దిగాక వెయిటింగ్ రూమ్‌లో మొహం కడుక్కొని మార్చుకో. నువ్వు చెప్పిన కేఫ్ మాదాపూర్ వైపంటున్నావు కాబట్టి సికింద్రాబాద్ ఈస్ట్ మెట్రో స్టేషన్‌లో ఎక్కితే నీలం లైను మారకుండా హైటెక్ సిటీ దాకా తీసుకెళ్తుంది. మెట్రోలో చెమట ఆరుతుంది, డియోడరెంట్ అవసరమైతే అక్కడికి చేరాక కొద్దిగా కొట్టుకో. ఒళ్లంతా సెంటు కొట్టుకోకు. చిన్న హాల్లో ఘాటు సెంటు చెమట కంటే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది, ఆయాసం ఉన్నవాళ్లకైతే ప్రమాదం కూడా. వానాకాలమైతే డెక్ బాక్సును జిప్‌లాక్ కవర్లో వెయ్. తడి సాక్సులతో రోజంతా కూర్చోవడం కంటే చెప్పులే నయం.

ఇక అమ్మ విషయం. ఆమె అడిగింది సరైన ప్రశ్నే, కసురుకోకు. మన ఊళ్లలో కార్డులంటే సొమ్ములు పోగొట్టుకున్న మనుషులే గుర్తొస్తారు, ఆమె భయానికి కారణాలున్నాయి. డెక్ తీసి చూపించు. ఒక కార్డు మీద ఏం రాసి ఉందో చదివి వినిపించు. ఎంట్రీ ఫీజు ఎంతో, బహుమతి ఏమిటో, అక్కడ పందెం ఉండదని, పిల్లలు తల్లిదండ్రులతో వచ్చి ఆడతారని చెప్పు. నిర్వాహకుడి నంబరు ఇవ్వు, వీలైతే ఒకసారి మాట్లాడించు. ఆరోజు పొద్దున ఆమె ముందు నుంచే నడుచుకుంటూ వెళ్తావు కాబట్టి, ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కాతో కనిపిస్తే ఆమెకు సగం ధైర్యం అక్కడే వస్తుంది.

నువ్వయితే కాటన్ ప్యాంటు, పొట్టి చేతుల చొక్కా, మడుచుకోగలిగే పల్చటి జాకెట్, కాళ్లకు నీకు అలవాటైనవి ఏవైనా వేసుకో. డెక్ లిస్టు ముందురాత్రే రాసి, 60 వచ్చాయో లేదో రెండుసార్లు లెక్కపెట్టుకో. లిస్టులో అనుమానం ఉంటే కార్డుల పేర్లు కింద పెట్టు, ఈ రాత్రి చూసి చెప్తాను.